ఊదుబత్తి పొగకే కాళ్లల్లో సత్తువ పోతోంది, రిపోర్టులన్నీ నార్మల్. ఇది జబ్బు కాదంటారా?

మల్లేపల్లి ఇల్లాలు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. మాది దేవరకొండ దిక్కు. మా ఆయనకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. కింద దుకాణం, పైన కాపురం. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ వాసనలోనే తిరిగాను, ఏనాడూ ఏమీ కాలేదు.

మూడేళ్ల కింద, పత్తికి మందులు బాగా పోయే రోజుల్లో, మెట్ల కింద పెట్టిన అట్టపెట్టె వానకు తడిసి అడుగు ఊడిపోయింది. ఎత్తబోతే లీటరు పురుగుమందు డబ్బాలు మూడు కిందపడి పగిలాయి. మా ఆయన నల్లగొండ పోయి ఉన్నాడు. దుకాణంలో పనిపిల్లవాడు ఒక్కడే, గిరాకీ వచ్చి నిలబడ్డారు. నేనే కొంగు ముక్కుకు కట్టుకుని, ఇసుక చల్లి, చీపురుతో ఎత్తాను. గంట పట్టింది. ఆ రాత్రి వాంతులు, కళ్లకు మసక, ఆగకుండా నోట్లో నీళ్లూరడం. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. రెండు రోజులకు లేచి తిరిగాను.

నెల తిరగకముందే పూజ గదిలో ఊదుబత్తి వెలిగిస్తే నాలుక మందమైంది. తర్వాత ఫినాయిల్. ఆ తర్వాత మా ఆడబిడ్డ పూసుకొచ్చిన సెంటు. ఇప్పుడు కొత్త చీర మడత విప్పినా, దోమల బత్తి వెలిగించినా, జుట్టుకు రంగు వేసుకున్నవాళ్లు పక్కన కూర్చున్నా తల పట్టేస్తుంది. గుండె దడ, మాట తడబాటు, మోకాళ్ల కింద కాళ్లు నావి కావన్నట్టు అవుతాయి. బయటికొచ్చి వేపచెట్టు కింద అరగంట కూర్చుంటే తగ్గుతుంది.

థైరాయిడ్, షుగర్, ఈసీజీ, గుండె స్కానింగ్, తలకు ఎంఆర్ఐ, అన్నీ చేయించాం. అన్నీ నార్మల్. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్ ఫైలు మూసి, నా మొహం చూడకుండా మా ఆయనతో అన్నాడు: "ఏమీ లేదండీ, టెన్షన్. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" తిరుగు తొవ్వలో మాల్ దాటేదాకా మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాను.

పోయిన నెల ఒక చిన్న వయసు డాక్టరమ్మ చీటీ మీద "మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ" అని రాసిచ్చి, "దీన్ని చాలామంది డాక్టర్లు ఒప్పుకోరమ్మా" అని కూడా చెప్పింది. ఒప్పుకోని జబ్బు ఏంటో నాకు అర్థం కాలేదు. ఇది ఉన్నట్టా, లేనట్టా? తెలిసినవాళ్లు చెప్పండి.

గద్వాల సీడ్‌పత్తి
ఆదివారం, రాత్రి 10:15

అక్కా, చదువుతుంటే మా ఇంటామె గురించే రాసినట్టుంది. మేము సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పత్తి వేస్తాం. సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున పుప్పొడి రుద్దడం, ఆడవాళ్లే చేయాలి. ముందు రోజు మందు కొట్టిన చేనులోకే పొద్దున్నే దిగుతారు, తప్పదు. ఐదేళ్లు చేసింది. ఇప్పుడు పక్క చేనులో మందు కొట్టే తైవాన్ పంపు చప్పుడు వినబడితే చాలు, ఇంట్లోకొచ్చి తలుపులు వేసుకుంటుంది. మొదట పురుగుమందు వాసనే పడేది కాదు, ఇప్పుడు షాంపూ కూడా పడదు. మా ఊళ్లో "మందు ఎక్కింది" అంటారు, అంతకు మించి ఎవరికీ పేరు తెలియదు. మీరు చెప్పిన పేరు ఈ రోజే విన్నాను.

పాలమూరు ఛాతీ డాక్టర్
సోమవారం, ఉదయం 6:50

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టర్‌ని. మిమ్మల్ని చూడకుండా రోగనిర్ధారణ చేయలేను, తెలిసింది మాత్రం చెబుతాను.

మీ కథలో రెండు భాగాలున్నాయి, వాటిని కలిపేయొద్దు. మొదటిది ఆ రాత్రి. వాంతులు, చూపు మసక, లాలాజలం కారడం, ఇవి మోనోక్రోటోఫాస్ లాంటి, ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల విషప్రభావంలో కనిపించే లక్షణాలు. దీని మీద వైద్యంలో ఎవరికీ తగువు లేదు. నాడుల దగ్గర కోలినెస్టరేస్ అనే ఎంజైమును ఆ మందు కట్టేస్తుంది. ఆ రోజే రక్తపరీక్ష చేసి ఉంటే కనిపించేది. కొన్ని వారాలు, నెలల్లో ఆ ఎంజైము మళ్లీ మామూలవుతుంది కాబట్టి మూడేళ్ల తర్వాత చేయిస్తే నార్మల్ రావడం సహజం. నార్మల్ వచ్చిందని ఆ రాత్రి ఏమీ జరగలేదని ఎవరూ అనలేరు.

తగువంతా రెండో భాగం మీదే. షికాగోలో థెరాన్ రాండాల్ఫ్ అనే ఎలర్జీ డాక్టర్ 1950లలోనే, మామూలు మనుషులకు ఏమీ చేయని మోతాదులో రసాయనాలు కొందరిని జబ్బు పరుస్తున్నాయని చెప్పాడు. తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు. 1987లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ కల్లెన్, పని స్థలాల్లో జబ్బుపడినవాళ్లను చూసి ఈ పేరుతో ఒక నిర్వచనం ఇచ్చాడు. 1999లో కొందరు పరిశోధకులు కలిసి ఆరు గుర్తులు రాశారు: వాసన తగిలిన ప్రతిసారీ రావాలి, దీర్ఘకాలం ఉండాలి, తక్కువ మోతాదుకే రావాలి, దూరం పోతే తగ్గాలి, ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక రసాయనాలకు రావాలి, శరీరంలో ఒకటికి మించిన అవయవాల్లో కనిపించాలి. మీరు రాసిందంతా ఈ ఆరింటికీ దగ్గరగానే ఉంది.

కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దీనికి సొంత పేరు లేదు. 1996లో బెర్లిన్‌లో జరిగిన నిపుణుల సమావేశం, "రసాయనాల వల్లే" అన్న అర్థం పేరులో ఉండటం తొందరపాటని, "కారణం తెలియని పర్యావరణ అసహనం" అన్న పేరు మేలని చెప్పింది. జర్మనీ తన దేశపు జబ్బుల సూచికలో దీన్ని చేర్చుకుంది. జపాన్‌లో 2009 నుంచి బీమా జబ్బుల పేర్లలో ఉంది. ఆ డాక్టరమ్మ మీకు చెప్పింది నిజమే.

ఒక్క మాట. ఎంఆర్ఐ చేశారు గానీ, మీ ఊపిరి కొలిచారా? స్పైరోమెట్రీ అని ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష. మీరు రాసిన జాబితాలో అది లేదు.

నకిరేకల్ సైన్స్ సార్
సోమవారం, ఉదయం 8:20

డాక్టర్ గారు మర్యాదకు ఆపిన మాట నేను చెబుతాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ విషయం మీద 2006లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అప్పటిదాకా జరిగిన 37 పరీక్షలు కలిపి చూశారు. ఈ సమస్య ఉందన్నవాళ్లు 784 మంది, లేనివాళ్లు 547 మంది. ఒకసారి రసాయనం కలిపిన గాలి, ఒకసారి ఉత్త గాలి ఇచ్చారు. ఏది ఏదో రోగికి తెలిసే వీలున్నప్పుడు లక్షణాలు వచ్చాయి. తెలియకుండా సరిగ్గా దాచినప్పుడు, ఉత్త గాలికీ రసాయనానికీ తేడా లేకుండా పోయింది. రసాయనమే కారణమైతే, ముక్కుకు తెలియకపోయినా ఒంటికి తెలియాలి కదా?

2021లో కెనడాలో క్యుబెక్ ప్రజారోగ్య సంస్థ వేల వ్యాసాలు చదివి, దీని వెనుక దీర్ఘకాలిక ఆందోళన ఉందని తేల్చింది. ఇదంతా ఎవరినో తక్కువ చేయడానికి చెప్పడం లేదు. తప్పు కారణం పట్టుకుంటే తప్పు వైద్యం జరుగుతుందన్నదే నా బాధ.

మల్లేపల్లి ఇల్లాలు
సోమవారం, మధ్యాహ్నం 1:05

సార్, మీరు చదువుకున్నవాళ్లు. మీ మాటలు పొద్దున చదివి ఫోన్ పక్కన పెట్టేశాను, వంట కూడా చేయబుద్ధి కాలేదు. ఆందోళన అంటున్నారు. మూడేళ్ల కింద నాకు ఏ ఆందోళనా లేదు. దుకాణం లెక్కలు నేనే రాసేదాన్ని, బండి మీద డిండి దాకా ఒక్కదాన్నే పోయొచ్చేదాన్ని. ఇప్పుడు మా అత్తమ్మ చుట్టాలతో "పని తప్పించుకోవడానికి వాసన పేరు చెబుతుంది" అంటుంది. మీ మాటా ఆ మాటా నా చెవికి ఒకేలా వినిపిస్తున్నాయి.

చౌటుప్పల్ పాత కార్మికుడు
సోమవారం, మధ్యాహ్నం 2:30

చెల్లె, బాధపడకు. నేను పదకొండేళ్లు మందుల కంపెనీలో సాల్వెంట్ డ్రమ్ముల దగ్గర చేశాను. టోలీన్, మెథనాల్, అసిటోన్. ఒకరోజు రియాక్టర్ గాస్కెట్ పోయి ఆవిరి మొహం మీదికొచ్చింది. ఆ తర్వాత నాకూ నీలాగే. పెట్రోల్ బంకు దగ్గర ఆగలేను. కంపెనీ డాక్టర్ "నిద్ర తక్కువైంది, మనసులో భయం పట్టుకుంది" అని రాశాడు. మనసులో భయం అని కాగితం మీద పడ్డాక నష్టపరిహారం మాట ఎత్తే దారే లేకపోయింది. సైన్స్ సార్ మంచివాడే అయ్యుండొచ్చు. కానీ "మానసికం" అనే మాట కూలీ మనిషి ఫైల్లో పడితే ఏమవుతుందో ఆయన చూడలేదు.

మర్రిగూడ బోరు నీళ్లు
సోమవారం, సాయంత్రం 5:10

నేను ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టినవాణ్ణి, అందుకే ఈ చర్చ చదివి ఊరుకోలేకపోయాను. మా తాత నలభై ఐదేళ్లకే నడుము వంగి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరిగేవాడు. కుక్కిమంచంలో పడుకుంటే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాలి. ఊళ్లో ముసలివాళ్లు శాపం అన్నారు, వాతం అన్నారు. నీళ్లు చూస్తే తేటగా ఉండేవి, రుచి కూడా బాగుండేది. ఆ నీళ్లలో విషముందంటే ఎవరు నమ్ముతారు?

కనబడనంత మాత్రాన లేదనొద్దు, సార్.

నకిరేకల్ సైన్స్ సార్
సోమవారం, రాత్రి 8:45

అన్నా, మీ తాత గురించి చదివి మనసు బరువెక్కింది. మా అమ్మమ్మది మునుగోడు, నేనూ అలాంటి నడుములు చూశాను. కానీ పోలిక ఎక్కడ ఆగుతుందో చూడండి. ఫ్లోరైడ్‌ను కొలవొచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని పరీక్షనాళిక చెబుతుంది. ఎక్స్‌రే తీస్తే ఎముక తెల్లగా గట్టిపడి కనిపిస్తుంది. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద డాక్టర్ సిద్ధిఖీ వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఈ వాసనల జబ్బుకు ఇప్పటిదాకా అలాంటి కొలత దొరకలేదు. రక్తంలో గుర్తు లేదు, స్కానింగ్‌లో గుర్తు లేదు.

అమ్మా, పొద్దున నా మాట మీకు అత్తగారి మాటలా వినిపించిందంటే తప్పు నాది. మీరు నటిస్తున్నారని నేను అనుకోలేదు. ఆ పరీక్షల్లో కూడా ఉత్త గాలి పీల్చినవాళ్లకు తలనొప్పి వచ్చింది. అది అబద్ధపు తలనొప్పి అని ఆ పరిశోధకులూ రాయలేదు.

మర్రిగూడ బోరు నీళ్లు
సోమవారం, రాత్రి 9:20

సార్, 1955 అన్నారు. మా ఊరికి మిషన్ భగీరథ నీళ్లొచ్చింది 2016 తర్వాత. కొలిచినవాడు కొలిచాడు, అచ్చు వేసినవాడు వేశాడు, మా తాత ఆ బోరు నీళ్లే తాగి పోయాడు. మీరన్న తేడా ఒప్పుకుంటాను. కానీ రుజువు దొరికితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మాత్రం నేను నమ్మను.

పాలమూరు కౌన్సెలర్
మంగళవారం, ఉదయం 7:30

"మనసు" అనగానే అందరూ "అబద్ధం" అని వింటున్నారు, అందుకే రాస్తున్నాను. ఒకసారి బోటి కూర తిని రాత్రంతా వాంతులయ్యాయనుకోండి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ వాసన వస్తేనే కడుపు తిప్పుతుంది. మీరు అనుకుని తిప్పరు, కడుపే తిప్పుతుంది. శరీరం నేర్చుకున్న పాఠం అది.

బెల్జియంలో లూవెన్ విశ్వవిద్యాలయంలో ఓమెర్ వాన్ డెన్ బెర్గ్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్నే పరీక్షించారు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిపిన గాలితో పాటు ఒక వాసన ఇచ్చారు. ఆయాసం, దడ వచ్చాయి. తర్వాత మామూలు గాలిలో ఆ వాసన ఒక్కటే ఇచ్చినా అవే లక్షణాలు మళ్లీ వచ్చాయి. చెడ్డ వాసనలతో ఈ పాఠం తొందరగా పట్టుకుంది. వాసన తెలిసే నాడులు మెదడులో భయం, జ్ఞాపకం ఉండే చోటికి చాలా దగ్గర దారిలో పోతాయి. మల్లేపల్లి అక్కకు మొదట తగిలింది నిజమైన విషం. ఆ రాత్రి ఆమె శరీరం ఏం నేర్చుకుందో ఆలోచించండి. దీన్ని నేను "నీ భ్రమ" అని ఎన్నటికీ అనను.

ఇదొక్కటే కారణమని కూడా అనను. అమెరికాలో క్లాడియా మిల్లర్ అనే డాక్టర్ వాదన వేరు. ఒక పెద్ద మోతాదు తగిలాక, లేదా చిన్న మోతాదులు పదే పదే తగిలాక, శరీరం ఓర్చుకునే గుణాన్నే పోగొట్టుకుంటుందని ఆమె అంటారు. ఈ అసహనం ఎవరికి ఎంత ఉందో గుర్తించడానికి ఆమె తయారుచేసిన ప్రశ్నల పట్టిక చాలా దేశాల్లో వాడుతున్నారు.

హాలియా తమ్ముడు
మంగళవారం, ఉదయం 11:00

నాది ఇంకో భయం. మా అక్కకు ఇలాగే ఉంటే ఒకాయన ఒంట్లో విషాలు తీస్తానని 21 రోజుల ప్యాకేజీ పెట్టాడు. రక్తంలో లోహాలు ఉన్నాయని ఏదో రిపోర్టు, సెలైన్లు, పొడులు. బత్తాయి తోట మీద వచ్చిన ఆ ఏడు డబ్బంతా అక్కడే పోయింది. తగ్గలేదు సరికదా, "ఇది తినొద్దు, అది ముట్టుకోవద్దు, ఆ ఇంటికి పోవద్దు" అని జాబితా ఇచ్చాడు. జాబితా పెరిగింది, అక్క ప్రపంచం తగ్గింది. ఇప్పుడు ఒక్క అర్రలో ఉంటుంది. కిటికీ సందులకు టేపు వేసుకుంది. పోయిన పండక్కి నేను సబ్బు లేకుండా స్నానం చేసి, ఉతికి ఎండేసిన పాత చొక్కా వేసుకుని పోయినా తలుపు పూర్తిగా తీయలేదు. తలుపు సందులోంచి సకినాలు అందుకుంది.

అందుకే చెబుతున్నా. డాక్టర్లు ఒప్పుకోని చోట ఇలాంటివాళ్లు దుకాణం పెడతారు.

మోడరేటర్
మంగళవారం, మధ్యాహ్నం 12:10

ఒక సభ్యుడు గోలీల పేర్లు, మోతాదు రాశారు, తీసేశాను. దయచేసి ఇక్కడ మందులు రాయొద్దు. మిగతా చర్చ సాగనివ్వండి.

మల్లేపల్లి ఇల్లాలు
మంగళవారం, రాత్రి 10:30

రెండు సంగతులు దాచుకున్నాను. మీ అందరి మాటలూ చదివాక దాచుకోవడం న్యాయం కాదనిపిస్తోంది.

ఒకటి. పోయిన ఏడు దసరా ముందు పనామె వరండా తుడుస్తోంది. నల్ల ఫినాయిల్ సీసా ఆమె చేతిలో చూశాను. నిమిషంలో తల పట్టేసింది, కాళ్లు వణికాయి, గోడ పట్టుకుని కూర్చున్నాను. ఆమె పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ఫినాయిల్ ఎప్పుడో అయిపోయింది, సీసా కడిగి నీళ్లు పోసుకున్నా" అంది. మూత తీసి చూపించింది. ఉత్త నీళ్లే. కాళ్లు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు నా మీద నాకే నమ్మకం పోయింది. ఎవరికీ చెప్పలేదు.

రెండు. ఈ ఏడు జనవరిలో పడిశం పట్టి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. కాఫీ వాసన కూడా తెలియడం లేదు. రాత్రి రెండింటికి ఛాతీ పట్టేసి, ఊపిరాడక లేచాను. పిల్లికూతలు మా ఆయనకు కూడా వినిపించాయి. పొద్దున తెలిసింది, మా ఆయన ఆ సాయంత్రం వచ్చిన సరుకు వానొస్తుందేమోనని మెట్ల కింద సర్దాడట, అందులో ఒక డబ్బా కారింది. నాకు ఎవరూ చెప్పలేదు, వాసన తెలియదు, సీసా చూడలేదు.

సైన్స్ సార్, మొదటి సంగతి చూస్తే మీరు చెప్పింది నిజం. రెండో దానికి ఏం చెబుతారు?

నకిరేకల్ సైన్స్ సార్
మంగళవారం, రాత్రి 11:15

అమ్మా, రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. డాక్టర్ గారు చెప్పాలి. మొదటి సంగతి రాయడానికి మీకు ఎంత ధైర్యం కావాలో అర్థమైంది. చేతులెత్తి దండం పెడుతున్నాను.

పాలమూరు ఛాతీ డాక్టర్
బుధవారం, ఉదయం 6:15

పిల్లికూతలు అన్న మాట కోసమే నేను ఎదురుచూస్తున్నాను. అది ఆస్తమా కావొచ్చు. ఘాటైన ఆవిరి ఒక్కసారి పీల్చాక, అంతకుముందు ఏమీ లేనివాళ్లకు కూడా ఆస్తమా లాంటి జబ్బు మొదలవుతుందని 1985లోనే వర్ణించారు. ఆస్తమా ఉన్నవాళ్లకు పొగ, సెంటు, ఫినాయిల్ పడకపోవడం మేం రోజూ చూసే సంగతి. రాత్రి పూట ఎక్కువ కావడం కూడా. ఈ ముక్కకు కొలత ఉంది, మందు ఉంది.

ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. ఛాతీలో ఆస్తమా, దాని చుట్టూ శరీరం నేర్చుకున్న హెచ్చరిక. ఊపిరాడని అనుభవం పదిసార్లు అయినవాళ్లకు సీసా చూస్తేనే కాళ్లు వణకడంలో వింతేముంది? ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం మా వృత్తి తరచూ చేసే తప్పు. మీ ఫైలు మూసిన డాక్టర్ చేసింది అదే. ఇరవై నిమిషాలు వింటే ఈ పిల్లికూతల సంగతి బయటపడేది.

వెంటనే చేయాల్సింది: ఊపిరి పరీక్ష, ఇన్‌హేలర్ ఇచ్చాక మళ్లీ ఊపిరి పరీక్ష. స్వరపేటిక బిగుసుకునే సమస్య ఉందేమో చెవి ముక్కు గొంతు డాక్టర్ చూడాలి. వాసనలకు తలనొప్పి మైగ్రేన్‌లోనూ వస్తుంది, అది విడిగా అడగండి. రక్తహీనత, బీ12 కూడా. ఒక నోటు పుస్తకంలో ఎప్పుడు, ఎక్కడ, ఏ వాసన, అది ముందే తెలుసా తెలియదా, ఎంతసేపు ఉంది అని రాసుకోండి. "ముందే తెలుసా" అన్న గడి తప్పకుండా ఉండాలి.

మెట్ల కింద సరుకు మాత్రం పరీక్షల కోసం ఆగకుండా ఈ రోజే తీయించండి. ఎర్ర త్రికోణం, పసుపు త్రికోణం (బాగా విషమైన మందుల గుర్తులు) ఉన్న డబ్బాలు మనుషులు పడుకునే ఇంట్లో ఉండకూడదు. పేరు ఏది పెట్టినా, పెట్టకపోయినా, ఇందులో రెండో మాట లేదు.

గద్వాల అన్నా, మీకూ అదే. మందు కొట్టిన చేనులోకి పొద్దున్నే దింపడం ఆపాలి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. పక్క రాష్ట్రమే, అదే పత్తి.

వనపర్తి లాయర్
బుధవారం, సాయంత్రం 4:40

గుర్తింపు అంటే చట్టంలో ఏమిటో చెబుతాను. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఈ జబ్బు అందులో లేదు. కెనడాలో మానవ హక్కుల కమిషన్ 2007లోనే పర్యావరణ అసహనం ఉన్నవాళ్లకు పనిచోట సౌకర్యం కల్పించాలని విధానం పెట్టుకుంది. అక్కడ కారణం తేలేదాకా ఆగలేదు, మనిషి పనిచేయలేకపోతున్నాడా లేదా అన్నదే చూశారు. అదే కెనడాలో, పైన సార్ చెప్పిన క్యుబెక్ నివేదిక ఆందోళన అంటోంది. రెండూ ఒక్క దేశంలోనే పక్కపక్కన నడుస్తున్నాయి.

మన దగ్గర పని జరగాలంటే, ఒప్పుకున్న జబ్బు పేరుతోనే కాగితం ఉండాలి. చౌటుప్పల్ అన్నా, ఆవిరి తగిలిన రోజు రిజిస్టర్, మొదటి చీటీ, తోటి కార్మికుల సాక్ష్యం, ఇప్పటి ఊపిరి పరీక్ష, ఇవి ఉంటే ఆస్తమా పేరు మీద అడగొచ్చు. ఎవరికైనా మందు ఎక్కితే ఆ డబ్బా మీది లేబుల్ చింపి దాచండి, దవాఖానలో అదే పేరు కేసు షీటులో రాయించండి. మల్లేపల్లి అక్క దగ్గర ఆ రాత్రి చీటీ ఒక్కటీ లేకపోవడమే ఈ మూడేళ్ల కష్టంలో సగం.

చౌటుప్పల్ పాత కార్మికుడు
బుధవారం, రాత్రి 7:00

రిజిస్టర్ వాళ్ల దగ్గరే ఉంది సార్. ఇద్దరు తోటివాళ్లు మాత్రం చెబుతామంటున్నారు. మీకు మెసేజ్ పెట్టాను.

హాలియా తమ్ముడు
బుధవారం, రాత్రి 7:25

కౌన్సెలర్ గారూ, మా అక్క లాంటివాళ్లు మళ్లీ తలుపు తీయగలరా?

పాలమూరు కౌన్సెలర్
బుధవారం, రాత్రి 8:10

తీసినవాళ్లను చూశాను తమ్ముడూ. ఖచ్చితంగా తగ్గించే వైద్యం అని రుజువైనది లేదు. డెన్మార్క్‌లో ధ్యానం నేర్పించి చూశారు, లక్షణాల మీద పెద్ద తేడా రాలేదు. నేను మాత్రం "ఏమీ కాదు, పీల్చు" అని ఎవరినీ తోయను. ముందు నిజంగా హాని చేసేవి దూరం పెట్టిస్తాను. తర్వాత హాని లేనిది ఒక్కటి ఎంచుకుంటాం. ఒకామెతో చామంతి పువ్వుతో మొదలుపెట్టాం, అర్రలో ఆ మూల పెట్టి ఐదు నిమిషాలు. అక్కను ఒకసారి ఫోన్‌లోనైనా మాట్లాడించండి. తలుపు గురించి అడగను, సకినాల గురించి అడుగుతాను.

మల్లేపల్లి ఇల్లాలు
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:15

అందరికీ చెప్పాలని వచ్చాను. ఊపిరి పరీక్ష చేయించాం. మొదటిసారి ఊదితే తక్కువ వచ్చింది, పంపు పీల్చి పావుగంట ఆగి ఊదితే బాగా పెరిగింది. ఆస్తమా ఉందన్నారు. మూడేళ్లలో మొదటిసారి నా రిపోర్టులో "నార్మల్" కాని మాట చూశాను. ఏడుపొచ్చింది. జబ్బు ఉందంటే సంతోషపడేవాళ్లుంటారా అని మా అబ్బాయి అడిగాడు.

కాళ్ల వణుకు గురించి ఆ డాక్టర్ కూడా తేల్చలేదు. "ఆస్తమాతో ఇది మొత్తం కుదరదు, మిగతాది నాకు తెలియదు, కానీ రాసుకుంటూ రండి" అన్నాడు. తెలియదు అని డాక్టర్ నోటి నుంచి విన్నాక నాకు కోపం రాలేదు. నోటు పుస్తకంలో 19 సార్లు రాశాను. అందులో 12 సార్లు వాసన ముందే తెలుసు. ఆరుసార్లు తెలియదు. ఒకసారి ఏ గడిలో వేయాలో అర్థం కాలేదు.

మా ఆయన సరుకంతా మార్కెట్ యార్డు పక్కన షట్టర్ అద్దెకు తీసుకుని అక్కడికి మార్చాడు. మెట్ల కింద సోడాతో మూడుసార్లు కడిగించాడు. ఆసుపత్రి నుంచి వస్తుంటే మాల్ దగ్గర బండి ఆపి, "ఆ రోజు నల్లగొండలో నాకు పెద్ద పనేమీ లేదు" అన్నాడు. అంతే.

మా చెల్లె బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు పోయాను. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని నలభై నిమిషాలు కూర్చున్నా. సెంటు కొట్టుకున్నవాళ్లు వస్తే లేచి బయటికి పోయి, మళ్లీ వచ్చాను. మళ్లీ రావడం ఇదే మొదటిసారి. అత్తమ్మ చూసింది. ఇంటికొచ్చాక ఊదుబత్తుల స్టాండు తానే తీసుకుపోయి బయట తులసికోట దగ్గర పెట్టింది. నాతో ఏమీ అనలేదు.

గద్వాల అన్నా, వదినతో ఊదించారా? పాలమూరులో చేస్తారట, పొద్దున ఏమీ పని పెట్టుకోకుండా పోండి. ఏం వచ్చిందో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.

గద్వాల సీడ్‌పత్తి
ఆదివారం, ఉదయం 5:50

గురువారం పోతున్నాం అక్కా. ఈ రోజు చేనులోకి ఎవరినీ దింపలేదు, నిన్న మందు కొట్టాం.